పులికాట్ బురదలో డిగ్రీ ప్రాజెక్టు: మట్టి సబ్జెక్టు తీసుకోవాలా వద్దా అని అడుగుతున్నవాళ్లకి

తడినేల_తిరుపతి:
ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి మట్టి తీసుకుంటే ఏముంటుంది అక్కా, గుంట తవ్వి జల్లెడ పట్టడమే కదా అని మా జూనియర్లు చాలామంది అడుగుతా ఉన్నారు, ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టేకంటే ఇక్కడే రాసేస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా. పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

నాది తిరుపతిలో బీఎస్సీ. ప్రాజెక్టు పులికాట్ సరస్సు ఉత్తరం వైపు, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకి అటూ ఇటూ ఉండే తడినేలలు, వాటిని ఆనుకుని ఉండే వరి కయ్యలు. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది, 2022లో జిల్లాలు మార్చినప్పుడు సూళ్లూరుపేటతో పాటు దీని ఆంధ్ర వైపు భాగం మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది, అయినా మా క్లాసులో సగం మందికి అది మన జిల్లాలో ఉందనే తెలీదు. ఫ్లెమింగో పండగ ఫోటోలు చూస్తారు, ఆ పక్షులు నిలబడి తినే బురద గురించి ఎవరూ అడగరు.

మేము చేసింది ఏందంటే సరస్సు అడుగు నుంచి మొదలుపెట్టి ఒడ్డు, ఉప్పుగడ్డి, సర్కారు తుమ్మ, ఆ తర్వాత వరి కయ్య దాకా ఒక గీత గీసుకుని ఆ గీత వెంబడే ఆగర్ తో (మట్టిలోకి దించి లోపలి మట్టిని పైకి లాగే పరికరం) మట్టి తీసుకుంటా పోవడం. ఈశాన్య రుతుపవనాలు అయిపోయి కాళంగి నది నీళ్లన్నీ దిగినాక ఒక విడత, అదే చోట్లలో మళ్లీ నడి ఎండాకాలంలో ఒక విడత. పులికాట్ సగటు లోతు ఒక మీటరు దరిదాపుల్లోనే, అందుకే ఉత్తరం భాగం ఎండల్లో చాలావరకు ఎండిపోయి పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. వానల తర్వాత నీళ్లు దాదాపు మంచినీళ్లు లాగా ఉండేవి, మే నెలకి వస్తే సముద్రం కంటే ఉప్పగా అయిపోతాయి. ఏడాదిలో ఇంత మారే నేల మనకి తిరుపతి చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకదు.

ఇప్పుడు అసలు విషయం. తడినేల మట్టిని గుంట పక్కనే కూర్చుని చదవాలి. ల్యాబ్ కి తెచ్చేలోపు అది వేరే మట్టి అయిపోతుంది. మామూలు పొలం మట్టిని మీరు సంచిలో వేసుకొచ్చి ఆరబెట్టి, నలగ్గొట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి ఎప్పుడు టెస్టు చేసినా పెద్ద తేడా రాదు. ఇక్కడ అట్లా కుదరదు ఎందుకంటే నీళ్లు నిలిచిన మట్టిలో ఆక్సిజన్ ఉండదు, ఉన్న కాస్తా సూక్ష్మజీవులు తొందరగానే తినేస్తాయి, ఆ తర్వాత అవి ఊపిరికి నైట్రేట్ ని వాడుకుంటాయి, అది అయిపోతే మాంగనీసు, తర్వాత ఇనుము, తర్వాత సల్ఫేట్, ఏదీ లేకపోతే చివరికి మీథేన్. క్లాసులో ఈ వరస బట్టీ పట్టినాము. అక్కడ ఆగర్ పైకి లాగితే ఆ వరసంతా కళ్లముందు కనపడుతుంది. పైన సన్నటి గోధుమరంగు పొర, దాని కింద బూడిదరంగు, ఇంకా కిందకి పోతే కాటుక నలుపు, కుళ్లిన గుడ్డు వాసన. ఆ నలుపు ఇనుము సల్ఫైడ్ ది. గాలి తగిలినాక మనం నోట్సు రాసుకునేలోపే పైపైన రంగు తేలిపోతా వస్తుంది. అందుకే మా గైడ్ గారి దగ్గర రూలు ఏందంటే రంగు ముందు, మిగతా అన్నీ తర్వాత.

రంగు చూసేదానికి మున్సెల్ పుస్తకం ఉంటుంది, చిన్న చిన్న రంగు ముక్కలు అంటించి ఉంటాయి, తడి మట్టిని ఎండ వెలుతుర్లో పెట్టి దేనికి సరిపోతుందో చూసి ఆ నంబరు రాయాలి, కూలింగ్ గ్లాసులు పెట్టుకుని చూడకూడదు. పుస్తకం ఖరీదు ఎక్కువ, మాకు డిపార్టుమెంటు మొత్తానికీ ఒక్కటే, దానికి బురద అంటకుండా ఒక మనిషి శుభ్రమైన చేతులతో పుస్తకం పట్టుకునే డ్యూటీలోనే ఉండాలి.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం వేర్లు. బూడిదరంగు బంకమట్టిని విరిచి చూస్తే తుంగ వేరు పోయిన దారి పొడుగునా తుప్పు రంగు గొట్టం లాగా ఉంటుంది. నీళ్లలో బతికే మొక్కలు ఆకుల నుంచి వేర్లకి గాలి పంపించుకుంటాయి కదా, వేరు నుంచి బయటికి కారిన ఆ కొద్దిపాటి ఆక్సిజన్ కే చుట్టూ ఉన్న ఇనుము తుప్పు పట్టేస్తుంది. వరి వేరు చుట్టూ కూడా ఇదే. చిన్నప్పటినుంచి మా తాత కయ్యలో దిగి నాట్లు చూసినదాన్నే, పీకిన వరి దుబ్బు వేర్లు ఎర్రగా ఎందుకుంటాయో అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

మట్టి బోరు అనేవాళ్లు ఒకసారి ఆ ఆగర్ పైకి లాగి చూడండి. ఏం డౌట్లు ఉన్నా అడగండి.

ఫస్టియర్_అగ్రి:
అక్కా సూపర్ గా రాసినావు. నాకు రెండు డౌట్లు. గాలి తగిలితే మారిపోతుంది అన్నావు కదా, మరి ల్యాబ్ దాకా ఎట్లా తెచ్చినారు, బస్సులోనా? ఇంకోటి, పీహెచ్ కూడా మారిపోతుందా?

తడినేల_తిరుపతి:
తమ్ముడూ, పోయేటప్పుడు బస్సే, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా. వచ్చేటప్పుడు శాంపిళ్లు ఉంటాయి కాబట్టి డిపార్టుమెంటు జీపు. తీసిన మట్టిని జిప్ కవర్లో నిండుగా నొక్కి గాలి మొత్తం పిండేసి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, ఐస్ పెట్టెలో వేసేది. లేబుల్ రెండు కవర్ల మధ్యలో ఉండాలి, పెన్సిల్ తోనే రాయాలి, పెన్ను ఇంకు తడికి అలికిపోతుంది. చేపల మార్కెట్టులో వాడే థర్మాకోల్ పెట్టెలే వాడినాము, సూళ్లూరుపేటలో ఐస్ కి కొదవే లేదు.

పీహెచ్ గట్టిగానే మారుతుంది. సల్ఫైడ్ ఉన్న మట్టిని ఆరబెట్టి వదిలేస్తే అందులో సల్ఫర్ ఆక్సిజన్ తో కలిసి సల్ఫ్యూరిక్ యాసిడ్ అవుతుంది. కేరళ కుట్టనాడులో కొన్ని నేలలు ఇట్లాంటివే, నీళ్లు తీసేసి ఎండబెడితే పీహెచ్ 4 కంటే కిందకి పడిపోతుంది, వరి కూడా తట్టుకోదు. అందుకని మేము పీహెచ్ అక్కడికక్కడే పచ్చి మట్టిలో ఒకసారి, ఆరినాక మళ్లీ ఒకసారి చూసినాము. మన దగ్గర అంత ఘోరంగా పడలేదు, కారణం గుల్లలు. పులికాట్ అడుగున గుల్లలు, నత్తలు విపరీతంగా ఉంటాయి, ఆ సున్నం వచ్చిన యాసిడ్ ని వచ్చినట్టే చంపేస్తుంది. మట్టి మీద పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండు చుక్కలు వేస్తే బుసబుసా పొంగుతుంది, ఆ పొంగుతో పాటే గుడ్డు వాసన కూడా వస్తుంది. రెండు విషయాలూ ఒక్క చుక్కలో తెలిసిపోతాయి.

టైట్రేషన్_అక్క:
మంచి పోస్టు అమ్మా. నేను సాయిల్ ల్యాబ్ లోనే పనిచేస్తా కాబట్టి ల్యాబ్ వైపు నుంచి కొన్ని కలుపుతా, ఎందుకంటే ఉప్పునేలల మీద ప్రాజెక్టు చేసే పిల్లలు ఆర్గానిక్ కార్బన్ (మట్టిలో కలిసిన ఆకులు, వేర్ల లాంటి వాటి కార్బన్) నంబర్ల దగ్గరే దెబ్బతింటారు.

మన దగ్గర అందరూ చేసేది వాక్లీ బ్లాక్ పద్ధతి, 1934 నాటిది, పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి మిగిలిన డైక్రోమేట్ ని ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ తో టైట్రేట్ చేస్తాం. ఇది కార్బన్ ని నేరుగా కొలవదు, డైక్రోమేట్ ఎంత ఖర్చయిందో చూసి కార్బన్ అని లెక్క కడుతుంది. ఉప్పు మట్టిలో క్లోరైడ్ కూడా ఆ డైక్రోమేట్ ని తినేస్తుంది, అప్పుడు లేని కార్బన్ ఉన్నట్టు వస్తుంది. దీనికి సిల్వర్ సల్ఫేట్ కలిపిన యాసిడ్ వాడాలి, లేదా క్లోరైడ్ శాతం విడిగా కొలిచి దాన్ని 12తో భాగించి వచ్చిన కార్బన్ శాతంలోంచి తీసేయాలి. సిల్వర్ ఖరీదు కాబట్టి చాలా చోట్ల రెండో దారే.

ఇంకోటి, పచ్చి బూడిదరంగు మట్టిలో ఫెర్రస్ ఇనుము, అంటే ఇంకా తుప్పు పట్టని రూపంలో ఇనుము ఉంటుంది, అదీ డైక్రోమేట్ ని తింటుంది. కాబట్టి కార్బన్ కి మాత్రం గాలికి బాగా ఆరిన మట్టే తీసుకోవాలి. పైన పాప చెప్పినట్టు పీహెచ్ కి పచ్చిది, కార్బన్ కి ఆరింది, ఒకే గుంటలోంచి రెండు కవర్లు తీసుకోవాల్సిందే.

డైక్రోమేట్ జాగ్రత్త పిల్లలూ. ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ తెచ్చేది. గ్లౌజులు, ఫ్యూమ్ హుడ్ ఉండాల్సిందే, అయిపోయింది సింకులో పోయకూడదు. ఎవరో సీనియర్ పోస్తున్నాడు కదా అని మీరు పోయొద్దు.

తడినేల_తిరుపతి:
అక్కా చాలా థాంక్స్, క్లోరైడ్ లెక్క మేమూ చేసినాము, సరస్సు అడుగు మట్టిలో సవరించక ముందు నంబరుకీ సవరించినాక వచ్చిన నంబరుకీ తేడా చూస్తే భయం వేస్తుంది, పొలం వైపు వచ్చేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది. కొన్ని శాంపిళ్లు మఫిల్ ఫర్నేసులో (ల్యాబ్ కొలిమి) 550 డిగ్రీల దగ్గర కాల్చి కూడా పోల్చుకున్నాం, కానీ బంకమట్టిలో మట్టి రేణువుల్లో ఉండే నీళ్లు కూడా ఆ వేడికి పోతాయి కాబట్టి అక్కడ బరువు తగ్గిందంతా కార్బనే అనుకోలేము.

బల్క్ డెన్సిటీ, అంటే ఇంత ఘనపరిమాణం మట్టి ఆరినాక ఎంత బరువుంటుందనే లెక్క, దాని గురించి కూడా ఒక మాట. కార్బన్ శాతం ఒక్కటే చేతిలో ఉంటే హెక్టారుకి ఎన్ని టన్నులు అనేది చెప్పలేము, శాతం, లోతు, బల్క్ డెన్సిటీ మూడూ గుణించాలి. మెత్తటి బురదలో గొట్టం దించితే లోపల మట్టి కుదించుకుపోతుంది, గొట్టం బయట మట్టి మట్టం ఒక చోట, లోపల మట్టం ఇంకో చోట ఉంటాయి. పైకి లాగకముందే రెండూ స్కేలుతో కొలిచి రాసుకోవాలి, లాగినాక ఆ లెక్క ఇంక దొరకదు.

కాళంగి_ఒడ్డు:
అమ్మా మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె, మాకు సరస్సు వైపు రెండెకరాలుంది, పదేళ్ల నుంచి పర్ర (ఉప్పు) ఎక్కి ఏటికేడు దిగుబడి తగ్గిపోతా ఉంది. పక్కన రొయ్యల గుంటలు కూడా ఉండాయి. అందరూ జిప్సం చల్లు జిప్సం చల్లు అంటారు, రెండేళ్లు చల్లినా, డబ్బులు పోవడమే గాని ఏమీ కనపళ్లేదు. మీ చదువుల్లో దీనికేమన్నా ఉందా? వానలప్పుడు బాగానే నాటుకుంటుంది, రెండో పంటకే మాడిపోతాది.

టైట్రేషన్_అక్క:
అన్నా, జిప్సం చల్లే ముందు టెస్టు చేయించారా? ఉప్పు నేల వేరు, క్షార నేల వేరు. పీహెచ్ 8.5 దాటి, మట్టిని పట్టుకున్న సోడియం 15 శాతం దాటితే అది క్షార నేల, దానికి జిప్సం పనిచేస్తుంది, జిప్సంలోని కాల్షియం సోడియంని తోసేస్తుంది. పీహెచ్ అంత లేకుండా ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మాత్రం 4 దాటి ఉంటే అది ఉప్పు నేల, దానికి జిప్సం ఎంత వేసినా లాభం లేదు, మంచి నీళ్లతో ఉప్పుని కిందకి కడగాలి, ఆ నీళ్లు బయటికి పోయేదానికి కాలవ ఉండాలి. కాలవ లేకుండా నీళ్లు పెడితే ఉప్పు అక్కడే ఉండి ఎండల్లో మళ్లీ పైకి వస్తుంది. రెండూ కలిసిన నేలలు కూడా ఉంటాయి, అందుకే ముందు టెస్టు.

తడినేల_తిరుపతి:
మామా, మీరు చెప్పిన గుర్తు చూస్తే ఉప్పే అనిపిస్తోంది, వానలప్పుడు బాగుండి రెండో పంటకి మాడుతోంది అంటే వాన కడిగిన ఉప్పు ఎండకి తిరిగి పైకి ఎక్కుతోందన్న మాట. మేము చూసిన కయ్యల్లో కూడా ఇదే, వానల తర్వాత పై పొరలో ఈసీ తక్కువ, కిందకి పోతే ఎక్కువ, ఎండాకాలంలో తలకిందులు. కాబట్టి టెస్టుకి ఇచ్చేటప్పుడు పై జానెడు మట్టి ఒకటి, దాని కింద జానెడు ఇంకొకటి విడిగా తీయండి. గట్టు పక్కన, పెంట పోసిన చోట, రొయ్యల గుంట కట్టని ఆనుకుని తీయొద్దు, అక్కడ మట్టి మీ పొలం మొత్తాన్ని చెప్పదు. గుంటకి దగ్గరగా ఉండే భాగం మీద అనుమానముంటే దానికి వేరే శాంపిల్ పెట్టండి. పొలంలో జీలుగ వేసి పూతకి ముందు దున్నేస్తే నేల కొంచెం గుల్లబారి నీళ్లు కిందకి దిగుతాయి, అది మాత్రం ఏ రకం నేలకైనా మంచిదే.

ఇంకో మాట మామా, యూరియాని నిలవ నీళ్ల మీద చల్లి వదిలేస్తే అందులో నత్రజని చాలా భాగం గాల్లోకే పోతుంది. కొంత అమ్మోనియాగా నీళ్ల మీదనుంచే ఎగిరిపోతుంది, ఇంకొంత మట్టిలోంచి పోతుంది. వరి కయ్యలో కూడా పైన సన్నటి పొరలోనే ఆక్సిజన్ ఉంటుంది, ఆ పొరలో నైట్రేట్ గా మారింది కిందకి దిగితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని వాయువు చేసి పంపించేస్తాయి. నీళ్లు తీసేసి బురద పదును మీద చల్లి, ఒకట్రెండు రోజులాగి నీళ్లు పెట్టమని వ్యవసాయ శాఖవాళ్లు చెప్పేది అందుకే. సరస్సు బురదలో నేను చూసిందీ మీ కయ్యలో జరిగేదీ ఒకటే పని.

నేలపట్టు_గూడబాతు:
నాకు ఇందులో ఒక అభ్యంతరం ఉంది, కోపంగా కాదు, బాధతో చెప్తున్నా. పులికాట్ పక్షుల అభయారణ్యం. అక్టోబరు నుంచి మార్చి దాకా ఇటు దగ్గర్లోనే ఉన్న నేలపట్టు చెరువులో గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెడతాయి, మేతకి వాటిలో చాలా భాగం పులికాట్ కే వస్తాయి. మీరు వానల తర్వాత అంటే సరిగ్గా అప్పుడే దిగినారు. ఒక కాలేజీ దిగితే ఇంకో పది కాలేజీలు దిగుతాయి, సెల్ఫీలు మొదలవుతాయి. పర్మిషన్ తీసుకున్నారా?

తడినేల_తిరుపతి:
అన్నా మీరు అడగడం న్యాయమే, ఇది నేను మొదటి పోస్టులోనే రాయాల్సినంత ముఖ్యం. అభయారణ్యంలో పరిశోధనకి 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ పర్మిషన్ ఉండాలి, మా గైడ్ గారు తీసుకున్నాకే దిగినాము, దానికే నెలలు పట్టింది, కాబట్టి జూనియర్లు ఎవరైనా సరే ఫైనల్ ఇయర్ కి ముందు ఏడాదే అప్లై చేయించుకోండి. నేలపట్టు లోపలికి మేము అసలు పోలేదు. పులికాట్ లో కూడా పక్షులు గుంపుగా మేసే చోట దిగకుండా, అటవీ శాఖ వాచర్ చూపించిన చోటే, పొద్దు బాగా ఎక్కినాక. తీసిన గుంట తీసినట్టే పూడ్చేసినాము. పర్మిషన్ రాకపోతే సరస్సు బయట వరి కయ్యల్లో, చెరువు ముంపుల్లో రైతుని అడిగి చేసుకోవచ్చు, సైన్సు ఏమీ తక్కువ కాదు. అభయారణ్యంలోకి పర్మిషన్ లేకుండా ఎవరూ దిగొద్దని మీతో పాటు నేనూ గట్టిగా చెప్తున్నా.

నేలపట్టు_గూడబాతు:
సంతోషం అమ్మా. నేలపట్టు చెరువు నీళ్లలో రెట్టలు కలిసి ఉంటాయి కాబట్టి ఆ నీళ్లు పారిన పొలాలకి ఎరువు తక్కువ చాలని మా ఊళ్లో పెద్దవాళ్లు ముందునుంచీ నమ్ముతారు, పక్షుల్ని తరమకుండా కాపాడుకున్నది కూడా కొంత అందుకే. పర్మిషన్ తో ఎవరైనా ఆ ఆయకట్టు మట్టి మీద ప్రాజెక్టు చేస్తే ఊరంతా సాయం చేస్తారు.

మదనపల్లె_బ్యాక్‌బెంచ్:
అన్నీ బాగున్నాయి గాని తడినేలలు మీథేన్ వదులుతాయి కదా, అది కార్బన్ డయాక్సైడ్ కంటే చాలా చెడ్డది కదా, మరి వీటిని కాపాడితే వాతావరణానికి మంచిది అని ఎట్లా అంటున్నారు? నాకు నిజంగానే అర్థం కాక అడుగుతున్నా.

తడినేల_తిరుపతి:
మంచి ప్రశ్న, వైవాలో నన్నూ ఇదే అడిగినారు. భూమ్మీద నేల విస్తీర్ణంలో తడినేలలు 5 నుంచి 8 శాతమే, కానీ మట్టిలో ఉండే మొత్తం కార్బన్ లో 20 నుంచి 30 శాతం వీటిలోనే ఉంటుందని లెక్క. ఆక్సిజన్ లేక ఆకులు, వేర్లు సరిగ్గా కుళ్లవు, ఏళ్ల తరబడి అట్లే పడి ఉంటాయి. నీళ్లు తీసేసి ఎండబెడితే ఆ దాచుకున్నదంతా బయటికి వస్తుంది.

మీథేన్ సంగతికొస్తే అన్ని తడినేలలూ ఒకే రకం కాదు. నేను పైన రాసిన వరసలో సల్ఫేట్ తర్వాతే మీథేన్ వస్తుంది చూడండి. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది, అది ఉన్నంతసేపు సల్ఫేట్ తినే బ్యాక్టీరియానే గెలుస్తుంది, మీథేన్ చేసేవాటికి తిండి మిగలదు. నీళ్లలో ఉప్పు సముద్రపు నీళ్ల ఉప్పులో సగం దాటితే మీథేన్ బాగా తగ్గిపోతుంది. కాబట్టి ఆ గుడ్డు వాసన ముక్కుకి కష్టమే గాని అది వస్తోందంటే అక్కడ మీథేన్ పని పెద్దగా జరగట్లేదని అర్థం. మంచినీటి చెరువుల్లో, వరి కయ్యల్లో మాత్రం మీథేన్ వస్తుంది, అది కాదనలేము. మరి పులికాట్ వానల తర్వాత మంచినీళ్లు, ఎండల్లో ఉప్పు కదా, ఏ నెలలో ఏది జరుగుతోంది అనేది కొలవాల్సిందే. మా దగ్గర గ్యాస్ కొలిచే పరికరాలు లేవు. వచ్చే బ్యాచ్ లో ఎవరైనా ఇది పట్టుకుంటే నా మట్టి డేటా మొత్తం ఇచ్చేస్తా.

చిత్తూరు_చిన్ని:
అక్కా నాకు సబ్జెక్టు డౌట్ కాదు. ఇంట్లో ఫీల్డుకి పంపించేదానికి భయపడుతున్నారు. అమ్మాయిలకి అక్కడ ఎట్లా ఉంటుంది?

తడినేల_తిరుపతి:
చిన్నీ, మంచిపని చేసినావు అడిగి. ముందుగా బాత్రూం. ఆ రోడ్డు పొడుగునా ఒడ్డు మీద ఏమీ ఉండదు, చెట్టు చాటు కూడా ఉండదు, అందుకని చాలామంది నీళ్లు తాగడం మానేస్తారు, ఆ ఎండలో అది ప్రమాదం, కళ్లు తిరుగుతాయి. మేము మధ్యాహ్నం ఒకసారి పని ఆపి జీపులో సూళ్లూరుపేట దాకా వచ్చిపోయేటట్టు ముందే మాట్లాడుకున్నాం, మీ గైడ్ ని కూడా మొదటిరోజే మొహమాటం లేకుండా అడుగు. నెలసరి రోజుల్లో వద్దనిపిస్తే డేటు మార్చమని చెప్పు, మట్టి ఎక్కడికీ పోదు. కనీసం ఇద్దరు అమ్మాయిలు ఉండేలా చూసుకో.

కాళ్లకి గమ్ బూట్లు వద్దు, మోకాలి లోతు బురదలో బూటు దిగబడిపోయి కాలొక్కటే బయటికి వస్తుంది. పాత కాన్వాస్ షూ, లేసు గట్టిగా బిగించి కట్టు. ఉత్త కాళ్లతో మాత్రం దిగొద్దు, గుల్లలు బ్లేడు లాగా కోస్తాయి. చేపలు పట్టే ఊరి మనిషి ఒకరు లేకుండా లోపలికి పోవద్దు. మాతో వచ్చిన పెద్దాయన బురద పైన మెరుపు చూసి ఇక్కడ దిగబడుతుంది, ఇక్కడ నిలుస్తుంది అని చెప్పేవాడు, ఆయన చెప్పిన చోట ఒక్కసారి కూడా తేడా రాలేదు. ఆయనకి కూలి ప్రాజెక్టు బడ్జెట్ లో రాయించండి, రిపోర్టులో ఆయన్ని అడిగి పేరు కూడా పెట్టండి.

కాళంగి_ఒడ్డు:
అమ్మా, జానెడు జానెడుగా తీసి పెట్టినా, సరస్సు వైపు కొసన ఒకటి, ఇంటి వైపు ఒకటి, గుంటకట్ట పక్కన ఒకటి, మొత్తం ఆరు సంచులు. ఎండలో ఆరబెట్టమంటావా?

టైట్రేషన్_అక్క:
ఎండలో వద్దన్నా, నీడలో పాత పేపరు మీద పలచగా పరిచి ఆరనీయండి, ఎరువుల సంచులు దగ్గర్లో ఉంచొద్దు. ఒక్కోదాంట్లో అరకిలో చాలు. పీహెచ్, ఈసీ రెండూ రాయించుకుని రిపోర్టు ఫోటో ఇక్కడ పెట్టండి, జిప్సం కావాలా కాలవ తవ్వాలా అనేది అది చూసి చెప్తాం. అప్పటిదాకా ఇంకో సంచి జిప్సం కొనొద్దు.